చోటు మారిన ఫైళ్లు, జాడ తప్పిన ప్రతులు

1904వ సంవత్సరము అక్టోబరు 1వ తేదీన కృష్ణా జిల్లానుండి విడివడి గుంటూరు జిల్లా యేర్పడినపుడు దానిలోనికి వచ్చిన తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతములు, నూటపదునేడేండ్లకు పైగా నొకే జిల్లాలో మెలగిన పిమ్మట, 2022 ఏప్రిల్ 4వ తేదీన, ఆంధ్రప్రదేశమునందలి 13 జిల్లాలు 26 జిల్లాలుగా పునర్విభజింపబడిన దినమున, రెండు దారులు పట్టినవి. బాపట్లయు రేపల్లెయు క్రొత్తదైన బాపట్ల జిల్లాలో చేరినవి. తెనాలి గుంటూరు జిల్లాలోనే నిలిచినది. ఒక్క పొలముగట్టు కదలలేదు, ఒక్క ఇంటి గడప జరుగలేదు. మారినది చిరునామా మాత్రమే.

ఈ పునర్విభజనము కాగితపు కట్టల కాలమున గాక కంప్యూటర్ల కాలమున జరిగినది. సమాచారమును జిల్లాలవారీగా ఫోల్డర్లలో అమర్చుకొనెడి సంస్థ యేదైనను, ‘గుంటూరు’ అను ఫోల్డరులోనున్న ‘రేపల్లె’ను పట్టి ‘బాపట్ల’ అను క్రొత్త ఫోల్డరులోనికి లాగివేయుట సహజము. ఆ పని రెప్పపాటులో ముగియును. లోపలి పత్రములలో ఒక్క యక్షరమైనను మారదు. అయినను, సర్వరులోని సమాచారమునకు ప్రతిరాత్రియు ప్రతి తీయుచుండెడి బ్యాకప్పు సాఫ్టువేరులలో కొన్ని, ఆ కదలికను గ్రహింపజాలక, ఆ ఫోల్డరులోని ఫైళ్లనన్నింటిని విడిచివేయును. విడిచియు, మఱునాటి యుదయమున పని సఫలమైనదని నివేదిక వ్రాయును. ఆ లోపము యొక్క స్వరూపమెట్టిదో, దానిని కనిపెట్టుట యెట్లో, నివారించుట యెట్లో సామాన్యపాఠకులకు వివరించుటయే ఈ వ్యాసమున నా యుద్దేశము.

కృష్ణా డెల్టా ప్రజలకు రెండవ ప్రతి యొక్క యావశ్యకతను వేరుగా బోధింప నక్కఱలేదు. 1977 నవంబరు 19వ తేదీ ఉప్పెన, రేపల్లెకు నదికావలి యొడ్డుననున్న దివిసీమను ముంచివేసినది. 2023 డిసెంబరు 5వ తేదీన మిచాంగ్ తుపాను బాపట్ల సమీపముననే తీరము దాటినది. 2024 సెప్టెంబరు ఆరంభమున ప్రకాశం బ్యారేజీనుండి 11 లక్షల క్యూసెక్కులకు మించిన వరద దిగువకు ప్రవహించినది. నీటికిని గాలికిని ఇంత చేరువనున్న చోట, ఒక గదిలోని సర్వరు ఎంత దృఢమైనదైనను, దానిలోని విషయమునకు మఱియొక చోట ప్రతి లేనిచో అది యున్నదని చెప్పుకొనుటకు వీలులేదు. అట్టి ప్రతిని తీయుచున్నామని నమ్మియుండి, తీరా తెరచి చూచునప్పటికి కావలసినదే లేకపోవుట, ప్రతి యొకటి యసలే లేకపోవుటకంటె హానికరము. ఏలయన, లేదని యెఱిగినవాడు జాగ్రత్తపడును గాని, ఉన్నదని నమ్మినవాడు నిశ్చింతుడై యుండును.

దినదినము అంతయు తీయనేల?

ఉన్నదంతయు ప్రతిరాత్రి మఱల తీసిన ఏ చిక్కును ఉండదు కదా యని పాఠకులకు తోచవచ్చును. అది సాధ్యము కాకపోవుటకు కారణము పరిమాణము. ఒక టెరాబైటు సమాచారమును సెకనుకు 100 మెగాబిట్ల వేగముగల తీగమీద, ఆ వేగము నిరాటంకముగా లభించినను, మఱియొక యూరికి పంపుటకు 22 గంటలు పట్టును. ఛాయాచిత్రశాలలకును, వీడియోపాఠములు దాచుకొను కళాశాలలకును ఈనాడు నాలుగైదు టెరాబైట్లు పెద్ద లెక్క కాదు. రాత్రి ప్రారంభించిన పని నాలుగవనాటికిని ముగియదన్నమాట.

అందుచేత, వారమునకో మాసమునకో ఒకసారి సర్వమునకు పూర్ణమైన ప్రతి తీసి, తక్కిన దినములలో కడపటి ప్రతి తరువాత మారినవానిని మాత్రము తీయుచుండుట ఆచారమైనది. దీనికే ఇంక్రిమెంటల్ బ్యాకప్పు అని పేరు. 1975లో వెలువడిన ఆఱవ యూనిక్స్‌తోనే ‘డంప్’ అను సాధనము వచ్చియున్నది. పిదప ‘డంప్’లో సున్న మొదలు తొమ్మిది వఱకు అంతస్తు లేర్పఱచి, పై యంతస్తు ప్రతి క్రింది దానికంటె తరువాత మారినవానిని మాత్రము స్వీకరించునట్లు నియమించిరి. ఈ పద్ధతి యావత్తు ‘ఏది మారినది?’ అను నొక్క ప్రశ్నపై నాధారపడి యున్నది. ఆ ప్రశ్నకు తప్పు సమాధానము వచ్చెనా, కట్టడమంతయు ఒరిగిపోవును.

ఫైలునకు గల కాలచిహ్నములు

యూనిక్స్, లినక్స్ కుటుంబములకు చెందిన సర్వర్లలో ప్రతి ఫైలునకును కనీసము మూడు కాలచిహ్నము లుండును. మొదటిది, ఆ ఫైలును కడపట చదివిన వేళ. దీనిని ఎటైమ్ అందురు. రెండవది, దానిలోని విషయము కడపట మారిన వేళ, ఇది ఎమ్‌టైమ్. మూడవది, విషయము గాని, యజమాని, అనుమతులు మొదలైన లక్షణములు గాని కడపట మారిన వేళ, ఇది సిటైమ్. అధికసంఖ్యాకములైన బ్యాకప్పు సాధనములు చూచునది ఎమ్‌టైమును. కొన్ని సిటైమును కూడ చూచును. గడచిన ప్రతి తీసిన వేళకంటె ఆ చిహ్నము క్రొత్తదైనచో ఫైలును స్వీకరించును. పాతదైనచో, ఇది మనకడ ఇదివఱకే యున్నదని తలచి దాటిపోవును.

ఇక ఫోల్డరు అనగా నేమో తెలిసికొందము. అది ఫైళ్లను లోనిడుకొనిన పెట్టె కాదు. పేర్ల జాబితా మాత్రమే. ఏ పేరుగల ఫైలునకు డిస్కుమీద ఏ సంఖ్య గలదో ఆ జాబితాలో వ్రాయబడియుండును. కావున ఒకే డిస్కులో ఒక ఫోల్డరును ఈ చోటినుండి ఆ చోటికి కదలించినపుడు, పాత జాబితాలో ఒక పంక్తి కొట్టివేయబడి, క్రొత్త జాబితాలో ఒక పంక్తి చేర్చబడును, అంతియే. జాబితాల కాలచిహ్నములు మారును. అనేక వ్యవస్థలలో, కదలింపబడిన ఫోల్డరు యొక్క సిటైమును మారును. కాని ఆ ఫోల్డరు గర్భమునందున్న వేలకొలది ఫైళ్లలో దేనినిగాని ఎవ్వరును ముట్టలేదు గనుక, వాని ఎమ్‌టైమును మారదు, సిటైమును మారదు. 2019లో వ్రాసిన పత్రము 2019 నాటిదిగనే నిలుచును. 2022లో దానికి క్రొత్త త్రోవ, అనగా క్రొత్త చిరునామా, యేర్పడినదని అది తనంత తాను చెప్పజాలదు.

జనగణనకు వచ్చిన యొక యుద్యోగి, ఇంటింటికిని పోయి, ‘నేను మునుపు వచ్చిన తరువాత ఇచ్చట శిశువెవరైన జన్మించిరా?’ యని మాత్రము ప్రశ్నించునని భావింపుడు. రేపల్లెనుండి తెనాలికి కాపురము మార్చిన కుటుంబములో శిశుజననము లేదు. తెనాలి పట్టికలో ఆ కుటుంబమునకు చోటు దొరకదు. రేపల్లెలోని వారి యిల్లు తాళము వేసియున్నది. అచ్చటి పట్టికనుండి వారి పేళ్లు తొలగింపబడును. సజీవులై, సుఖముగనున్న యైదుగురు మనుష్యులు రెండు పట్టికలలోను లేనివారైరి. ఉద్యోగి యబద్ధము వ్రాయలేదు. అతడు వేసిన ప్రశ్నయే యసమగ్రము. బ్యాకప్పు సాఫ్టువేరు చేయు పొరపాటు సరిగా నట్టిదే.

విండోసు సర్వర్లలో ఈ దోషము మఱియొక రూపమున గనబడును. అచ్చట ప్రతి ఫైలునకును ఆర్కైవ్ బిట్ అను నొక చిన్న గుర్తుండును. ఫైలును వ్రాసినపుడు ఆ గుర్తు పడును. ప్రతి తీసిన సాఫ్టువేరు దానిని చెరిపివేయును. పూర్ణప్రతి తీసిన పిదప గుర్తు చెరిగియున్న ఫైళ్లతో నిండిన ఫోల్డరును అదే డిస్కులో చోటు మార్చినను లోపలి ఫైళ్లకు గుర్తు తిరిగి పడదు. ఆ గుర్తును మాత్రమే నమ్మిన సాధనము వానిని చూచియు చూడనట్లు పోవును.

నష్టము ఎన్ని విధములు?

ఈ లోపమువలన కలుగు ఫలము అన్నివేళల నొక్కటి కాదు. మూడు తెఱగులుగా నుండును. మొదటిది స్వల్పము: తొలగింపులను లెక్కింపని సాధనమైనచో, పునరుద్ధరణ చేసినపుడు ఫైళ్లు పాతచోటనే లేచి వచ్చును, వెదకుకొనుట కష్టమేగాని వస్తువు పోలేదు. రెండవది తీవ్రము: పాతచోట ఫైలు లేదని గుర్తించి, క్రొత్తచోట నున్నదని గుర్తింపని సాధనమైనచో, పునరుద్ధరణలో ఆ ఫైలు ఎచ్చటను కానరాదు, కాలము గడచిన పాతప్రతులను తొలగించు నియమము కూడ నడచుచున్నయెడల, మిగిలియున్న యొక్క ప్రతియు ఒకనాటి రాత్రి నిశ్శబ్దముగా తుడిచివేయబడును.

మూడవది యన్నింటికంటె తఱచు జరుగునది, అన్నింటికంటె తక్కువగా గమనింపబడునది. బ్యాకప్పు పరిధిలో లేని చోటినుండి ఫైళ్లు పరిధిలోనికి వచ్చి చేరుట ఇది. తెనాలిలోని యొక ఛాయాచిత్రశాలవారు మాఘమాసపు పెండ్లిండ్ల చిత్రములను కెమెరా కార్డులనుండి నెల తరువాత సర్వరులోనికి కాపీ చేసిరనుకొనుడు. కాపీ చేసినను చిత్రము తీసిన నాటి ఎమ్‌టైమే నిలిచియుండుట సామాన్యము. గడచిన ప్రతి నిన్నటిది; చిత్రములు నెలనాటివి. ఎమ్‌టైమును మాత్రము చూచు సాధనమునకు అవి పాతవి. కాని పూర్వపు ఏ ప్రతిలోను అవి లేవు. తరువాతి పూర్ణప్రతి వచ్చువఱకు ఆ వధూవరుల చిత్రములకు సర్వరులోని ప్రతి దప్ప మఱియొక యాధారము లేదు. జిప్ కట్టను విప్పినపుడును ఇట్లే జరుగును. అందలి ఫైళ్లు తమ పూర్వకాలచిహ్నములతోనే బయల్వెడలును.

దోషనిర్ణయ క్రమము

ప్రతిలో ఏదో కొఱవడినదని యనుమానము కలిగినపుడు, సాఫ్టువేరును మార్చివేయుటకు తొందరపడక, వైద్యుడు నాడి చూచినంత నిదానముగా పరీక్షింపవలయును. మొదట చేయవలసినది లెక్క. సర్వరులోని ఫైళ్లన్నింటి త్రోవలను ‘ఫైండ్’ అను ఆజ్ఞతో ఒక పట్టికగా వ్రాయించి, ప్రతిలోనున్న త్రోవలను మఱియొక పట్టికగా వ్రాయించి, రెండింటిని అక్షరక్రమమున పేర్చి ‘డిఫ్’ అను ఆజ్ఞతో సరిపోల్చినచో, కొఱవడినవి యెన్నియో, ఏ ఫోల్డరులోనివో తేటపడును. కొఱవడినవన్నియు నొక్క ఫోల్డరు క్రిందనే యుండిన, అది కదలింపబడినదను నూహకు బలము చేకూరును.

పిమ్మట అట్టి ఫైలు నొకదానిని తీసికొని ‘స్టాట్’ అను ఆజ్ఞతో దాని కాలచిహ్నములను చూడవలయును. ఎమ్‌టైమును సిటైమును రెండును గడచిన ప్రతికంటె పాతవైనచో, తల్లి ఫోల్డరు కదలినదనుటకు అది నిదర్శనము. ఎమ్‌టైము పాతదై సిటైము క్రొత్తదైనచో, ఆ ఫైలే నేరుగా కదలింపబడియుండవచ్చును, లేదా మఱియొక డిస్కునుండి వచ్చియుండవచ్చును. సిటైమును గూడ చూడుమని సాధనమునకు చెప్పినంతనే ఆ లోపము తొలగును.

రెండు చిహ్నములును క్రొత్తవైయుండియు ఫైలు ప్రతిలో లేనిచో, కారణము వేరు. ఫోల్డరు చేరిన క్రొత్తచోటు మఱియొక డిస్కుమీదనున్నదేమో చూడవలయును. ఒక డిస్కు సరిహద్దు దాటి పోకుండుట కొన్ని సాధనములకు స్వభావసిద్ధము. అనుమతులను చూడవలయును; విండోసు ఎన్‌టిఎఫ్‌ఎస్‌లో ఒకే డిస్కులో కదలింపబడిన ఫైలు తన పూర్వపు అనుమతులనే వెంటగొనిపోవును గనుక, క్రొత్త ఫోల్డరును చదువగలిగిన బ్యాకప్పు ఖాతా ఆ ఫైలును చదువలేకపోవచ్చును. మినహాయింపుల పట్టికలో ఎన్నడో వ్రాసిన యొక పేరు క్రొత్త ఫోల్డరు పేరుతో కలిసినదేమో చూడవలయును. రెండు యంత్రముల గడియారములు ఏకీభవించుచున్నవో లేదో చూడవలయును. కాలముపై నాధారపడిన పద్ధతికి గడియారము తప్పిన సర్వము తప్పును.

అన్నిటికిని మించిన పరీక్ష ప్రయోగము. ఒక చిన్న ఫోల్డరు నేర్పఱచి, అందు పాతతేదీలుగల పది ఫైళ్లనుంచి పూర్ణప్రతి తీయవలయును. ఆ ఫోల్డరును మఱియొక చోటికి కదలించి ఇంక్రిమెంటల్ ప్రతి తీయవలయును. పిదప ఆ ప్రతిని వేఱొక ఖాళీ స్థలములో పునరుద్ధరించి, పది ఫైళ్లును క్రొత్తచోట నున్నవా, పాతచోటనే యున్నవా, రెండుచోట్లను లేవా యని చూడవలయును. అరగంట పట్టని యీ ప్రయోగము, సాఫ్టువేరు విక్రయించినవారి వాగ్దానములన్నింటికంటె విశ్వసనీయమైన సమాధాన మిచ్చును.

నివారణోపాయములు

లోకములో ఈ సమస్య నెఱిగినవారు దానికి పలువిధముల విరుగుళ్లు కనుగొనిరి. బాకులా అను స్వేచ్ఛా సాఫ్టువేరు నిర్మాతలు, కదలింపబడిన ఫోల్డర్లలోని పాతఫైళ్లు ఇంక్రిమెంటల్ ప్రతిలోనికి రాకపోవచ్చునని తమ వివరణగ్రంథముననే హెచ్చరించి, 2009లో వెలువడిన ఆ సాఫ్టువేరు మూడవ కూర్పులో ‘యాక్యురేట్’ అను విధానమును ప్రవేశపెట్టిరి. అందు, పూర్వప్రతిలోని ఫైళ్ల పట్టికను సంపూర్ణముగా ముందుంచుకొని, ప్రస్తుతమున్న ఫైళ్లతో నొక్కొక్కదానిని సరిచూతురు. గ్నూ టార్ అను సాధనములో, తేదీని మాత్రము చూచు పద్ధతికి బదులు ‘లిస్టెడ్ ఇంక్రిమెంటల్’ అను పద్ధతి నవలంబించినచో, ఫోల్డర్ల సంఖ్యలు ఒక పట్టికలో భద్రపఱుపబడి, పేరు మారిన ఫోల్డరును అది యానవాలు పట్టును. కాని ఆ పట్టికను పోగొట్టుకొనకుండుట నిర్వాహకుని బాధ్యత.

1996లో ఆండ్రూ ట్రిడ్జెల్, పాల్ మెకరాస్ అనువారు ఆస్ట్రేలియాలో వెలువరించిన ఆర్‌సింక్ సాధనము గడచిన ప్రతి వేళను చూడదు. ఈవలి పట్టికను ఆవలి పట్టికతో సరిపోల్చును. కావున కదలిన ఫైలును అది విడువదు. క్రొత్తదిగా నెంచి తిరిగి పంపును. సత్యమునకు లోపము లేదు గాని, తీగమీది శ్రమ వ్యర్థమగును. బోర్గ్, రెస్టిక్ అను నవీనసాధనములు ఈ వ్యయమును కూడ తగ్గించినవి: ప్రతి పర్యాయమును సర్వరులోని త్రోవలనన్నింటిని నమోదు చేయును, విషయమును మాత్రము ముక్కలుగా జేసి, ఒక్కొక్క ముక్కకు గణితసంకేతము కట్టి, ఇదివఱకే యున్న ముక్కను మరల దాచవు. 2005లో వెలువడిన జెడ్‌ఎఫ్‌ఎస్ వంటి ఫైలు వ్యవస్థలయందు, రెండు వేళల స్థితులకు గల భేదమును డిస్కు నిర్వహించు వ్యవస్థయే యెఱుగును. ఫోల్డర్ల జాబితాలును ఆ భేదములో భాగమే గనుక కదలిక దాగదు.

ఈ యుపాయములన్నింటిలోను ఒక్క సూత్రము కలదు. ‘గడచిన తడవ తరువాత ఏది మారినది?’ అను ప్రశ్నను విడిచి, ‘ఇప్పుడు ఏమేమి యున్నవి, అవన్నియు ప్రతిలో నున్నవా?’ అను ప్రశ్నను వేయుటయే ఆ సూత్రము. సాఫ్టువేరును మార్చు స్తోమత లేని చిన్నసంస్థలు సైతము దీనిని పాటింపవచ్చును: ఫోల్డర్లను పెద్దయెత్తున సర్దిన దినముననే ఒక పూర్ణప్రతి తీయుట, సర్దుబాటు చేసినవారు బ్యాకప్పు చూచువారికి ఒక చీటీ వ్రాసి తెలుపుట, పూర్ణప్రతుల నడుమ వ్యవధిని దీర్ఘము చేయకుండుట. పీటర్ క్రోగ్ అను ఛాయాచిత్రకారుడు ప్రచారము చేసిన నియమమును గూడ ఇచ్చట స్మరింపవలయును: మూడు ప్రతులు, రెండు విధముల సాధనములమీద, అందొకటి వేఱొక తావున. బాపట్లలోని సంస్థకు ఆ వేఱొక తావు రేపల్లె కారాదు. ఒకే తుపాను రెండింటిని తాకగలదు.

సాంకేతికవిద్యలలో నారితేరినవారికిని ఈ విషయమున ప్రమాదము తప్పలేదు. 2021 డిసెంబరు నడుమ జపానులోని క్యోటో విశ్వవిద్యాలయమున, సూపర్ కంప్యూటరు నిల్వసర్వరునకు సంబంధించిన బ్యాకప్పు కార్యక్రమమును సవరించుటలో జరిగిన పొరపాటువలన, సుమారు 77 టెరాబైట్ల పరిశోధన సమాచారము, 3 కోట్ల 40 లక్షల ఫైళ్లు, తుడుచుకొనిపోయినవి. అది కదలిన ఫోల్డర్ల వలన జరిగినది కాదు; కాని రక్షించుటకు నియమింపబడిన యంత్రమును ఎవరు పరీక్షించుచున్నారను ప్రశ్న అచ్చటను ఇచ్చటను ఒక్కటియే.

ఆ ప్రశ్నకు సమాధానము కంప్యూటరు గదిలో పనిచేయు యువకుని యొక్కనిమీద మోపదగినది కాదు. కళాశాల ప్రిన్సిపాలైనను, సహకారసంఘ కార్యదర్శియైనను, అచ్చుకూటము యజమానియైనను, మూడు మాసముల కొకసారి తానే యొక ఫోల్డరును, అందును ఇటీవల చోటు మారినదానిని, పేర్కొని, దానిని ప్రతినుండి తీసి తన యెదుట తెరచి చూపుమని యడుగవలయును. రైతు తాకట్టు పత్రము, విద్యార్థి మార్కుల పట్టిక, వితంతువు పింఛను దరఖాస్తు ఇవన్నియు నేడు ఆ ఫోల్డర్లలోనే యున్నవి. అవి పోయిన నష్టపడునది సర్వరు కాదు, ఆ మనుష్యులు. సఫలమను నివేదికను చదివి తృప్తిపడక, పునరుద్ధరింపబడిన పత్రమును కన్నులార చూచిన తరువాతనే ప్రతి యున్నదని నమ్ముట ప్రతి సంస్థకును నియమము కావలయును.